ఎవరి మాట మీద ఓడెక్కాలి?

ముత్తాతలు మేస్త్రీ మాట నమ్మి రంగం వెళ్లారు. మునిమనవలు ఏజెంటు మాట నమ్మి కంబోడియా వెళ్లారు. మధ్యలో వందేళ్లు గడిచాయి. ఓడ పోయి విమానం వచ్చింది. చేతికి పాస్‌పోర్టు వచ్చింది, జేబులోకి ఫోను వచ్చింది. కానీ తెలియని దేశానికి తొలిసారి బయల్దేరే మనిషి ముందున్న ప్రశ్న మాత్రం మారలేదు... ఎవరి మాట నమ్మాలి? దానికి జవాబు ఊరు దాటకముందే వెతుక్కోవాలి!

‘రంగం ఎల్లిపోనాడు...’ ఉత్తరాంధ్ర పల్లెల్లో పాతతరానికి ఈ మాట కొత్త కాదు. రంగం అంటే యుద్ధరంగం కాదు, రంగూన్. అప్పటి బర్మాకు రాజధాని, ఇప్పటి మయన్మార్‌లోని యాంగోన్. పొలంలో పని లేకపోయినా రంగమే, అప్పు పెరిగినా రంగమే, ఇంట్లో గొడవపడినా రంగమే. ఒకప్పుడు విశాఖపట్నం, గంజాం జిల్లాల కష్టజీవికి విదేశం అంటే తెలిసిన పేరు అదొక్కటే.

విశాఖపట్నానికి ఉత్తరాన ఉన్న పద్మనాభం పేరు చెబితే అందరికీ కొండ గుర్తొస్తుంది. వెయ్యికి పైగా మెట్లు, పైన అనంత పద్మనాభస్వామి, కార్తీక అమావాస్యనాడు ఆ మెట్ల పొడవునా వెలిగే దీపాలు! చరిత్ర చదివినవారికైతే 1794 జులై 10 గుర్తొస్తుంది. ఈస్టిండియా కంపెనీ సేనలతో తలపడి విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగింది ఇక్కడే. ఆ తర్వాత ఈ ప్రాంతమంతా కంపెనీ గుప్పిట్లోకి వెళ్లింది. శిస్తులు, వానమీద ఆధారపడ్డ సేద్యం, మధ్యమధ్య కరవులు... 19వ శతాబ్దం గడిచేకొద్దీ ఇక్కడి పల్లెలకు సముద్రం వైపు చూడక తప్పలేదు.

సముద్రం ఎంతో దూరంలో లేదు కూడా. పద్మనాభానికి దగ్గరి రేవు భీమిలి. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో స్థావరం పెట్టుకున్న ఊరు. నీలిమందు, నూనెగింజలు, గోగునార ఓడలెక్కిన రేవు. వాటితోపాటు మనుషులూ ఎక్కారు!

మేస్త్రీ మాటే టిక్కెట్టు

ఇప్పుడు విదేశీ ప్రయాణం అంటే ఆరు నెలల ముందు నుంచీ హడావుడే. పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్లు, బీమా, సూట్‌కేసు బరువు. మరి అప్పట్లో రంగం ప్రయాణానికి ఏం కావాలి? పాస్‌పోర్టు అక్కర్లేదు. 1937 ఏప్రిల్ 1న విడదీసే వరకూ బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. కాగితం లేదు, సంతకం లేదు. కావాల్సిందల్లా ఒక మేస్త్రీ.

మేస్త్రీ అంటే పరాయివాడు కాదు. పక్క ఊరివాడో, చుట్టమో, అంతకుముందే రంగం వెళ్లొచ్చినవాడో. చేతికి కొంత బయానా ఇస్తాడు. ఇంటి దగ్గర బాకీ ఉంటే దాన్ని తీర్చడానికి మరికొంత. ఓడ ఖర్చు తనే పెట్టుకుంటాడు. ‘అక్కడ పనికి కొదవలేదు, నా వెంట రా’ అంటాడు. పెళ్లాం చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, మూట భుజానేసుకుని మనిషి కదిలేవాడు. ఆ నాలుగు డబ్బులే రేపటి సంకెళ్లని అప్పుడు తెలిసేది కాదు.

భీమిలిలో ఓడ ఒడ్డుకొచ్చేది కాదు. లోతు లేని తీరం కాబట్టి దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవలో అలలు దాటుకుంటూ ఓడ దగ్గరకు చేరాలి. విశాఖ, కళింగపట్నం, గోపాల్‌పూర్... కోస్తా పొడవునా చాలా రేవుల్లో ఇదే పద్ధతి. విశాఖలో ఓడలు లోపలికి వచ్చి నిలిచే హార్బరు తయారైంది 1933లోనే.

ఓడెక్కాక ప్రయాణమంతా డెక్కు మీదే. ఎండా వానా అక్కడే, వంటా పడకా అక్కడే. ఆ డెక్కు ఎలా ఉంటుందో మహాత్మాగాంధీకీ అనుభవమే. 1915లో కలకత్తా నుంచి రంగూన్‌కు డెక్కు ప్రయాణికుడిగా వెళ్లిన ఆయన, స్నానాలగది మురికి గురించీ మరుగుదొడ్ల దుర్గంధం గురించీ ఆత్మకథలో బాధపడ్డారు. ఏడాదికి ఎన్ని వేలమంది అలా వెళ్లారో!

దిగాక తెలిసిన లెక్క

రంగూన్‌లో దిగినవాళ్లకు మొదటి ఆశ్చర్యం... అక్కడ తమవాళ్లే ఎక్కువ! 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనాభా నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి తొలిరోజుల్లో వచ్చినందుకు ఆ పేరు. రేవులో బస్తాలు మోసింది వాళ్లే. బియ్యం మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో చెమటోడ్చింది వాళ్లే. రిక్షాలు లాగిందీ, వీధులు ఊడ్చిందీ వాళ్లే.

రెండో ఆశ్చర్యం జీతం రోజున ఎదురయ్యేది. కంపెనీ ఇచ్చే కూలి నేరుగా కూలీకి రాదు. కాంట్రాక్టరు చేతికి, అక్కణ్నుంచి పెద్దమేస్త్రీకి, ఆ తర్వాత చిన్నమేస్త్రీకి... ఒక్కో చేతిలో కొంత రాలిపోతూ చివరికి కష్టపడినవాడి దగ్గరకు చేరేది. అందులోంచి ఊళ్లో ఇచ్చిన బయానా, ఓడ ఖర్చు, వడ్డీ కోత. లెక్క రాసేది మేస్త్రీయే. చదువురాని కూలీకి ఎంత బాకీ తీరిందో, ఎంత మిగిలిందో తెలిసేది కాదు. ఇరుకు గదుల్లో కిక్కిరిసి పడుకునేవారు. భారతదేశంలో కార్మికుల స్థితిగతుల మీద విట్లీ అధ్యక్షతన వేసిన రాయల్ కమిషన్ బర్మాకూ వెళ్లింది. 1931లో వచ్చిన ఆ నివేదికలో అక్కడి కూలీల ఇక్కట్లన్నీ రికార్డయ్యాయి.

డబ్బు సంగతి అలా ఉంటే, తెలియని దేశంలో కాలం ఎప్పుడు ఎదురుతిరుగుతుందో ఎవరు చెప్పగలరు? 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు బర్మీయుల్ని పనిలోకి తెచ్చాయి. సమ్మె తేలిపోగానే వాళ్లను వెళ్లిపొమ్మన్నాయి. రెండు దేశాల పేదలు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లే.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షలమంది భారతీయులు ఇంటిదారి పట్టారు. ఓడలో చోటు దొరికింది కొద్దిమందికే. మిగతావాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి... వేలమంది చేరలేకపోయారు. అక్కడే ఉండిపోయినవారికి 1960లలో మరో దెబ్బ. 1962లో జనరల్ నేవిన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. ఆ వెంటనే దుకాణాలూ వ్యాపారాలూ జాతీయమయ్యాయి. తరాల తరబడి అక్కడున్న కుటుంబాలు కట్టుబట్టలతో తిరిగొచ్చాయి. విశాఖ కంచరపాలెంలో ‘బర్మా క్యాంపు’ ఆ రోజుల గుర్తే. అటుగా వెళ్లే సిటీ బస్సులో ఆ పేరు విని ఊరుకునేవాళ్లలో ఎందరికి ఆ కథ తెలుసు?

కాగితం ఉన్నా అంతే!

మరి కాగితం ఉంటే బాగుండేదా? దక్షిణాఫ్రికా కథ వినాలి. 1860 నవంబరు 16న ‘ట్రురో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన తొలి భారతీయ కూలీల ఓడ అది. 1911 దాకా అలా నాటాల్ వెళ్లినవారు లక్షా యాభై రెండు వేలమంది. వారిలో విశాఖపట్నం, గంజాం జిల్లాలవాళ్లూ ఉన్నారు. వీళ్లకు మాత్రం ఒప్పంద పత్రం ఉండేది. అయిదేళ్లు పనిచేస్తానని వేలిముద్ర వేయాలి. ‘అగ్రిమెంటు’ అన్న మాట నోరు తిరగక ‘గిర్మిట్’ అయింది. ఆ కాగితంలో ఏముందో చాలామందికి తెలియదు. చదివి వినిపించినా తోట ఎంత దూరమో, పనికి రాకపోతే జైలు శిక్ష పడుతుందనో ఊహకందేది కాదు.

అంటే కాగితం ఒక్కటే సరిపోదు. దానిలో ఏముందో తెలియాలి. రంగం వెళ్లినవాడికి కాగితమే లేదు, నాటాల్ వెళ్లినవాడికి కాగితం ఉన్నా చదువు లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. అయినా...

డేటా ఎంట్రీ ఉద్యోగమని...

2024 మే. విశాఖ పోలీసులు చెప్పిన సంగతి విని నగరం ఉలిక్కిపడింది. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలున్నాయని చెప్పి స్థానిక ఏజెంట్లు ఇక్కడి కుర్రాళ్ల నుంచి లక్షన్నర దాకా వసూలు చేశారు. టూరిస్టు వీసా మీద పంపారు. బ్యాంకాక్‌లో దింపి అక్కణ్నుంచి సరిహద్దు దాటించారు. కంబోడియాలో దిగగానే పాస్‌పోర్టులు లాక్కున్నారు. ఆపైన ప్రహరీగోడల మధ్య భవనాల్లో కూర్చోబెట్టి చేయించిన పని ఏమిటో తెలుసా... ఫోన్లు చేసి మనవాళ్లనే మోసం చేయడం! ‘మీ పేరుతో పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయి’ అని భయపెట్టడం, ‘ఇంట్లో కూర్చుని సంపాదించండి’ అని ఊరించడం. చేయనంటే చీకటిగది, తిండి బంద్. వెళ్లిపోతానంటే ‘నీ మీద పెట్టిన డబ్బు కట్టి పో’ అన్న బెదిరింపు.

అదే మే 20న కంబోడియా తీరనగరం సిహనూక్‌విల్‌లో సుమారు మూడొందలమంది భారతీయులు ఎదురుతిరిగారు. భారత రాయబార కార్యాలయం కదిలింది. ఆ నెలలోనే బాధితులు విడతలుగా విశాఖ విమానాశ్రయంలో దిగారు.

ఇది విశాఖ గొడవ ఒక్కటే కాదు. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలాంటి కేంద్రాల్లో బలవంతంగా పనిచేస్తున్నవారు కంబోడియాలో దాదాపు లక్షమంది, మయన్మార్‌లో కనీసం లక్షా ఇరవైవేలమంది. అవును, మయన్మార్... ఒకప్పటి మన రంగం ఉన్న దేశమే. 2025 మార్చిలో అక్కడి కేంద్రాల నుంచి బయటపడ్డ అయిదొందలమందికి పైగా భారతీయుల్ని థాయ్‌లాండ్ మీదుగా వైమానికదళ విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. తెలుగు రాష్ట్రాలవాళ్లూ వారిలో ఉన్నారు.

ముత్తాతకు బయానా ఇచ్చి కట్టేశారు, మనవడి దగ్గర లక్షన్నర తీసుకుని కట్టేశారు. తేడా అంతే!

చదువుకున్నవాళ్లూ ఎందుకు నమ్ముతారు?

మోసం చేసేవాడు మోసగాడిలా రాడు. మేస్త్రీ తెలిసినవాడై వచ్చినట్టే ఏజెంటు కూడా ‘మావాడే’ అయి వస్తాడు. స్నేహితుడి స్నేహితుడు, పక్క వీధివాళ్ల అల్లుడు, అంతకుముందు ఇద్దర్ని పంపినవాడు. ‘వాళ్లబ్బాయి వెళ్లి నెలకింత పంపుతున్నాడట’ అన్న ఒక్క మాట ఇంటిల్లిపాదినీ కదిలిస్తుంది. తల్లి గొలుసు తాకట్టుకు వెళుతుంది. డబ్బు కట్టేశాక ఇక ప్రశ్నలు అడగబుద్ధి కాదు. అడిగితే కట్టింది పోతుందేమోనని భయం. అనుమానం వచ్చిన చోట ఆగాల్సింది పోయి, అక్కడే కళ్లు మూసుకుంటాం.

దీనికి తోడు తొందర పెట్టడం. ‘సీట్లు రెండే ఉన్నాయి’, ‘ఎల్లుండి ఫ్లైటు’, ‘వీసా అక్కడ మార్పిస్తాం’... ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటి వినిపించినా ఆగాల్సిందే. టూరిస్టు వీసా మీద, దిగాక ఇచ్చే వీసా మీద ఉద్యోగం చేయడం చట్టవిరుద్ధం. థాయ్‌లాండ్‌లో ఐటీ ఉద్యోగాల పేరుతో మయన్మార్‌కు తరలిస్తున్నారని విదేశాంగశాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. హెచ్చరిక ఢిల్లీలో వచ్చింది, ఏజెంటు మాత్రం వీధిలోకే వచ్చాడు. ఎవరి మాట ముందు వినిపిస్తుంది?

వెళ్లొద్దని కాదు

అలాగని గడప దాటొద్దంటే ఎలా? ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు ఉన్న ఊరు ఇది. వెల్డింగ్, ఫిట్టింగ్, రిగ్గింగ్ చేతికొచ్చినవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. ఉత్తరాంధ్ర నుంచి గల్ఫ్‌కూ సింగపూర్‌కూ వెళ్లి ఇళ్లు కట్టుకున్నవారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసినవారు, పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించుకున్నవారు ఊరూరా ఉన్నారు. రంగం కూడా ఎన్నో కుటుంబాలకు మనియార్డర్ల రూపంలో అన్నం పెట్టింది. కాబట్టి ప్రయాణం మంచిదే. ప్రయాణానికి ముందు పని ఉంది.

మొదటి పని, పంపేవాడెవరో తేల్చుకోవడం. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న ఏజెన్సీల జాబితా విదేశాంగశాఖ నడిపే ‘ఈ-మైగ్రేట్’లో ఉంటుంది. ఏజెంటు ఇచ్చిన పేరూ లైసెన్సు నంబరూ అందులో ఉన్నాయో లేదో చూడటానికి పది నిమిషాలు చాలు. ‘మా పెద్దసారుకి ఉంది, నేను ఆయన మనిషిని’ అంటే ఆ పెద్దసారు ఆఫీసుకే నేరుగా ఫోన్ చేయాలి. లైసెన్సున్న ఏజెన్సీ తీసుకోదగ్గ సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగినా, రసీదు ఇవ్వనన్నా అక్కడితో ఆ మాట ముగించడమే మేలు.

రెండో పని, పాస్‌పోర్టు చూసుకోవడం. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ అన్న ముద్ర ఉంటుంది. అలాంటివారు గల్ఫ్ దేశాలు, మలేసియా వంటి చోట్లకు ఉద్యోగానికి వెళ్లాలంటే ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనుమతి కావాలి. అదో తలనొప్పి అనుకుని విజిట్ వీసా మీద దొడ్డిదారిన పంపేవాళ్లున్నారు. నిజానికి అది తలనొప్పి కాదు, కంచె. ఆ అనుమతి తీసుకునేటప్పుడు యజమాని ఎవరు, జీతమెంత, పనేమిటి అన్నవి ప్రభుత్వం దగ్గర నమోదవుతాయి. ‘ప్రవాసీ భారతీయ బీమా యోజన’ తప్పనిసరి అవుతుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాదంలో మరణించినా శాశ్వత అంగవైకల్యం వచ్చినా పది లక్షల బీమా. దొడ్డిదారిన వెళ్లినవాడికి ఇవేవీ ఉండవు. ఇందులో ఒక కిటుకుంది. కుర్రాళ్లు మోసపోయిన 2024లో కంబోడియా ఈ దేశాల జాబితాలో లేదు. పైగా వెళ్లినవాళ్లు చదువుకున్నవాళ్లు. అంటే కంచె లేని చోటే దొంగ దారి వెతుక్కున్నాడు. డిగ్రీ ఉన్నవాళ్లకు అనుమతి అక్కర్లేదు కానీ జాగ్రత్త మాత్రం రెట్టింపు కావాలి.

మూడో పని, ఒప్పందం చదవడం. పని పేరు, కంపెనీ పేరు, ఊరు, జీతం, పనిగంటలు, తిండీ వసతీ ఎవరిది, సెలవు ఎప్పుడు, తిరుగు టిక్కెట్టు ఎవరిది... ఇవన్నీ అందులో ఉండాలి. అర్థం కాకపోతే చదువుకున్నవాళ్లతో చదివించుకోవాలి. ఊళ్లో హైస్కూలు మాస్టారో, బ్యాంకు ఉద్యోగో ఆ పాటి సాయం చేయకపోరు. వీసా మీద ఉన్న పనీ, ఒప్పందంలో ఉన్న పనీ ఒకటేనా అన్నది అన్నిటికన్నా ముఖ్యం.

విశాఖ కుర్రాళ్లకు ఇంకో ఆకర్షణ ఓడ ఉద్యోగం. దానికి దారి వేరు. నావికుల్ని పంపే సంస్థలకు డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఉద్యోగం చూపించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. ‘ఇన్ని లక్షలు కడితే ఓడెక్కిస్తా’ అన్నాడంటే అక్కడే అర్థం చేసుకోవాలి!

అప్పు లెక్క ఇంట్లోనే వేయాలి

రంగం కూలీకి లెక్క మేస్త్రీ రాశాడు. ఇప్పుడా లెక్క మనమే వేసుకోవచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చారనుకుందాం. నెలకు వడ్డీయే మూడువేలు. అక్కడ జీతం 35 వేలు అనుకుంటే తన తిండికీ ఫోనుకూ తొమ్మిదివేలు, ఇంటి ఖర్చుకు పన్నెండువేలు పోగా మిగిలేది 14 వేలు. అదంతా అప్పుకే కడితే ఏడాదికి తీరుతుంది.

చెప్పిన జీతం రాలేదు, 25 వేలే వచ్చింది. అప్పుడు మిగిలేది నాలుగువేలు. అందులో మూడువేలు మొదటి నెల వడ్డీకే. అసలుకు వెళ్లేది వెయ్యి. అలా కడుతూ పోతే బాకీ తీరడానికి దాదాపు ఆరేళ్లు! జీతం పదివేలు తగ్గితే అప్పు గడువు ఏడాది నుంచి ఆరేళ్లకు పెరిగింది. రెండేళ్ల ఒప్పందం మీద వెళ్లినవాడు నాలుగేళ్లు ఎక్కువ ఉండాల్సి వస్తుంది. అందుకే ఏజెంటు చెప్పిన జీతంతో ఒకసారి, అందులో మూడోవంతు తగ్గించి మరోసారి లెక్క వేయాలి. రెండో లెక్కలోనూ ఇల్లు నిలబడుతుందంటేనే అడుగు వేయాలి. ఈ లెక్క వెళ్లేవాడొక్కడే కాదు, భార్య, అమ్మానాన్నలు కూడా కూర్చుని వేయాలి. ఎందుకంటే అతను దిగేది అక్కడైనా, వడ్డీ పెరిగేది ఇక్కడే.

మొదటి వారం మరీ ముఖ్యం

దిగిన వెంటనే ఇంటికి ఫోన్ చేయడం అందరూ చేస్తారు. ఏం చెప్పాలో ముందే అనుకోవడం కొందరే చేస్తారు. ఉంటున్న చోటు చిరునామా, కంపెనీ పేరు, పక్కనున్న మనవాళ్ల నంబరు... ఈ మూడూ మొదటి ఫోన్లోనే ఇంటికి చేరాలి. పక్కన ఎవరైనా ఉండి మాట్లాడలేని పరిస్థితి వస్తే చెప్పడానికి ఇంట్లోవాళ్లతో ఒక గుర్తు మాట అనుకోవడం మంచిది. ‘తాతయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది’ అంటే ‘ఇక్కడ బాగోలేదు’ అని అర్థం. సినిమా ముచ్చటలా అనిపించినా ఆపదలో పనికొస్తుంది.

ఆపదే వస్తే? భారత రాయబార కార్యాలయం ఉన్నది అందుకే. చేతిలో డబ్బు లేకుండా చిక్కుకున్నవారికి వసతికీ తిరుగు ప్రయాణానికీ అక్కడ భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంటుంది. ఇంట్లోవాళ్లు విదేశాంగశాఖ ‘మదద్’లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. రాష్ట్రప్రభుత్వ ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీని ఆశ్రయించవచ్చు. స్థానిక పోలీసులకు చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. కంబోడియా ముఠా సంగతి బయటపడింది ఇక్కడి పోలీసుల దర్యాప్తుతోనే. ‘పరువు పోతుంది’ అని ఆగితే ఆ వరసలో ఇంకొకరి బిడ్డ విమానం ఎక్కుతాడు.

బయల్దేరేముందు సరిచూసుకోండి
• ఏజెన్సీ పేరు, లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉన్నాయా?
• కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉందా? బ్యాంకు ద్వారానే కట్టారా?
• వీసా మీద ‘ఉద్యోగం’ అని ఉందా, ‘సందర్శన’ అని ఉందా?
• ఒప్పందం, వీసా రెండింటిలో యజమాని పేరు ఒకటేనా?
• పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, టిక్కెట్టు జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు, ఫోన్లో ఒక సెట్టు ఉన్నాయా?
• ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు చిన్న కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నారా? ఫోను లాక్కుంటారు, కాగితం మిగులుతుంది.
• వాడే మందులకు డాక్టరు చీటీ ఉందా? ఆ దేశంలో ఆ మందుల మీద నిషేధం లేదు కదా? ఎవరో ‘మావాడికి ఇవ్వండి’ అని ఇచ్చిన పొట్లం విప్పి చూడకుండా సంచిలో పెట్టలేదు కదా?
• తిరిగి రావాల్సి వస్తే టిక్కెట్టుకు సరిపడా డబ్బు ఇంటి దగ్గర విడిగా ఉందా?

భీమిలి రేవు నుంచి ఇప్పుడు ఓడలు కదలవు. అక్కడికి దగ్గర్లోనే, భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో పునాది రాయి పడింది. పద్మనాభం చుట్టుపక్కల పల్లెలకు విదేశం మరింత దగ్గరవుతుంది. అలల మీద మసూలా పడవలో వెళ్లి ఓడెక్కిన మనిషికి అడగడానికి ఎవరూ లేరు, ఏమడగాలో తెలియదు. ఈ తరానికి ఆ ఇబ్బంది లేదు. అడగాల్సిన ప్రశ్నలు తెలుసు, జవాబులు దొరికే చోటూ తెలుసు. ‘నమ్మకం లేదా’ అని ఏజెంటు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. నిజంగా పని చూపించేవాడైతే కాగితం చూపించడానికి ఎందుకు వెనకాడతాడు?